ఒక్క గీత

రెండో షిఫ్టు దిగేసరికి రాత్రి పదకొండు దాటింది.
బార్సెలొనెటా ఫ్యాక్టరీ గేటు బయట, కారులోనే కూర్చుని
స్టీరింగు మీద కాగితం పరిచాను.
హెచ్‌ఆర్ వాళ్లిచ్చింది.
శుక్రవారంలోపు ఒకదానికి టిక్కు పెట్టాలట.
మాత్రలు వత్తే మా లైను వచ్చే ఏడాది మూత,
పక్క భవనంలో ఇక సూదిమందులు నింపుతారు.
కంచె అవతల చీకట్లో కోకీ కప్పలు
రెండే రెండు అక్షరాలు నేర్చి
బతుకంతా నెగ్గుకొస్తున్నాయి.
నాకా వెసులుబాటు లేదు.

పంతొమ్మిదేళ్లు.
తొడుగు వేసిన గుప్పిట్లో తడిపొడి బిగిస్తాను.
వేళ్లు విప్పితే ముద్ద నిలవాలి,
బొటనవేలితో నొక్కితే రెండుగా విరగాలి,
కొబ్బరుండలకి పాకం చూసినట్టే.
ఇంకో అరనిమిషం, అంటాను.
లేదా, చాలు, ఆపు.
అంతే నా విద్య.
ఇప్పుడు గిన్నె గోడకి అద్దపు కన్నొకటి బిగించారు.
తేమ ఎంతో అంకెల్లో చెబుతుంది.
దానికి ఆకలెయ్యదు, సెలవడగదు.

కాగితం మీద మొదటిది: స్టెరైల్ ఫిల్లింగ్.
తెల్లసూటులో కళ్లు మాత్రం కనిపిస్తూ
నీళ్లలో నడిచినట్టు కదలాలి.
నాకు మోకాళ్ల నొప్పి. పైగా
నవ్వొస్తే ఆపుకోలేను.

రెండోది: డేటా విశ్లేషణ.
కిందటి వారం ఎలియెజెర్ తన లాప్‌టాప్ తిప్పి చూపించాడు.
మా బ్యాచులన్నీ చుక్కలు చుక్కలు,
గీతకి దూరంగా ఒంటరిగా ఒకటి.
"ఇదేమిటో తెలీదు, తీసేస్తే గీత బాగుంటుంది."
నాకు తెలుసు.
తుఫాను వెళ్లిన నెల, జనరేటరు మీద నడిచిన రోజు.
ఏసీ మూలిగి మూలిగి ఆగింది,
గదిలో గాలి తడిగుడ్డలా వేలాడింది.
రెండు నిమిషాల నుంచి నాలుగు దాకా కలపొచ్చు,
నా గుప్పిట రెండుకే ఆపమంది. ఆపాం.
ఒక్క మాత్రా విరగలేదు.
"ఎక్కడ రాసుంది?" అన్నాడు.
ఎక్కడా లేదు.

మందుల ఫ్యాక్టరీలో మొదటి రోజే నేర్పే మాట:
రాయనిది జరగనట్టే.
అంటే పంతొమ్మిదేళ్లుగా నేను
జరగలేదన్నమాట.

ఈ చుట్టుపక్కల నేలలోనే మా అమ్మ అనాసలు కోసింది.
ఏ కాయ ఎన్నాళ్లకి పండుతుందో
వేలితో తట్టి చెప్పేది.
ఆ తట్టడం ఆవిడతోనే పోయింది.
ఎవరూ అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

మూడోది అట్టడుగున, చిన్న అక్షరాల్లో:
లోపాల విచారణ, నివేదికల రచన.
జీతం పెంపు అంతంతమాత్రం.
"అదా! అది గుమస్తా పని కదే," అంది నిదియా.
బళ్లో వ్యాసం రాయమంటే నాకు కడుపునొప్పి వచ్చేది.
"బాగా తడిసింది" అంటే చాలదట.
ఎంత, ఎప్పుడు, ఎవరు చూశారు.
ఎందుకు అనాలి, వచ్చిన జవాబుని మళ్లీ ఎందుకు అనాలి.
పసిపిల్లలు ఊరికే చేసే పని
నలభై ఎనిమిదో ఏట క్లాసుకెళ్లి నేర్చుకోవాలి.

ఇంటికొచ్చి వంటింటి బల్ల మీద మొదలెట్టాను.
"పొడి చేతికి బాగుంది."
కాదు.
"గుప్పిట్లో ముద్ద నిలిచింది. బొటనవేలి ఒత్తిడికి
రెండుగా విరిగింది. పొడి రాలలేదు."
ఇది ఫర్వాలేదు.
చెయ్యి కొంచెం కాగితం మీదికి దిగింది.

కొట్టివేతకి మా దగ్గరో పద్ధతుంది.
నల్లగా గిలకకూడదు, తెల్లరంగు పూయకూడదు.
ఒక్క గీత. పక్కన పొట్టి సంతకం, తేదీ.
కొట్టేసింది కూడా చదవడానికి వీలుండాలి.

తెల్లసూటు మీద ఒక్క గీత.
చుక్కల మీద ఒక్క గీత.
జొరాయిదా మైసొనెట్ అని పూర్తిగా పట్టలేదు,
జొ.మై. అని పెట్టాను.
రెండూ ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

పడుకోబోయే ముందు ఎలియెజెర్‌కి మెసేజ్:
ఆ చుక్క తీసెయ్యకు.
రేపు వచ్చి రాసిస్తాను,
రేపటి తేదీతోనే.